లేత బూడిదరంగు రాయి

బైలదిల్లా ఇనపరాయి ఓడెక్కి జపాను పోయేది.
మా కోటవీధి డాబాల మీద ఆరేసిన తెల్లబట్టలు
దాని పొడిని కాస్త దాచుకునేవి.
బదులుగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి,
అక్కణ్ణించి మాకో క్యాసెట్టు వచ్చింది.

పోర్టులో వించ్ నడిపే మా చిన్నాన్న దాలినాయుడు
ఎవరో ఓడమనిషికి రెండు డజన్ల గుడ్లిచ్చి
లుంగీలో చుట్టి తెచ్చాడు దాన్ని.
అట్ట మీద అక్షరాలు
తడి ఇసకలో పీతలు నడిచినట్టున్నాయి.

వీసీపీ అద్దె రాత్రికి నలభై.
వాళ్ళ దేశపు క్యాసెట్టు మన టీవీకి లొంగలేదు.
రంగు రాలేదు. బొమ్మ పైకి జారిపోతూ ఉంటే
నెత్తిన ఒకటిచ్చాక కుదురుకుంది.
"ఏటే గుంటా, ఈళ్ళ కళ్ళు గంగరేగు పళ్ళంతున్నాయి!"

ఒక పిల్ల. ఒక లైట్‌హౌసు. తిరిగిరాని పడవ.
మాట ఒక్కటీ అర్థం కాలేదు
కాబట్టి అన్నా నేనూ మాటలు పెట్టాం.
ఆ పిల్ల లైట్‌హౌసు ముసలాణ్ణి
"తాతా, బోణీ అయిందేటి?" అనడిగేది.
"ఎక్కడే, వాన కదా" అనేవాడతను.
అరవైసార్లు చూశాం. అరవైసార్లూ వానే.

ఆ సముద్రం మొత్తం ఎనిమిది బొమ్మలు.
లెక్కపెట్టాను. ఎనిమిదో అల తర్వాత మళ్ళీ మొదటిదే.
పిల్ల ఊరికే నిలబడ్డా
బుగ్గ అంచు సన్నగా వణికేది,
పొంగబోయే పాల మీద మీగడలా.
ఎవరో ఆ బుగ్గని మళ్ళీ మళ్ళీ గీశారని,
ఏ పన్నెండోసారో చెయ్యి నొప్పెట్టి ఉంటుందని
అప్పుడు తెలీదు.
ఊపిరి తీస్తోందనుకున్నాను.

ఇంకో సంగతి.
కదలబోయే రాయి ముందే తెలిసిపోయేది.
కొండంతా ఒక బూడిదరంగు,
ఆ ఒక్క రాయీ ఇంకాస్త లేత.
తెరుచుకోబోయే తలుపూ అంతే, విరగబోయే కొమ్మా అంతే.
"అదిగో, అది పడతాది" అని చిన్నాన్న వేలు చూపించేవాడు.
పడేది.
కొండని తనే కట్టినట్టు మావైపు చూసేవాడు.

ఇప్పుడు మా మేనకోడలు హవిష
ఋషికొండ మీద అద్దాల ఆఫీసులో
ఎవరిదో దేశపు బొమ్మలకి జుట్టు ఎగరేస్తుంది.
నిన్న రాత్రి డాబా మీద కొత్తదొకటి చూపించింది, ఫోనులో.
అబద్ధమెందుకు, నోరు తెరిచాను.
ఒక్కో చినుకూ తన వీధిదీపాన్ని తనే మోసుకుని పడుతోంది.
సముద్రం అచ్చం భీమిలి సముద్రం,
ఒక అలలా ఇంకోటి లేదు.
"బావుంది కదా అత్తా?"
బావుంది. నిజంగానే.
కానీ ఎవరూ అలిసిపోయినట్టు లేదు, అన్నాను.

దానికి కోపమొచ్చింది.
"మొన్న ఒక్క జడ కోసం తెల్లారగట్ల మూడింటి దాకా కూర్చున్నాను.
అలుపు కనపడనీకుండా చెయ్యడమే మా పని."
దాని కళ్ళకింద నలుపు అప్పుడు చూశాను.
రోజూ ఎదురుగానే ఉంటుంది.

కాసేపటికి తనే వెతికి తీసింది మా పాత బొమ్మని.
కడిగి, తుడిచి, రంగులతో.
పిల్ల గౌను పచ్చదట.
ఇరవై ఏడేళ్ళూ నాకది ఎరుపు,
మా డాబా దుమ్ము ఎరుపు.
లైట్‌హౌసు కిటికీ పక్కన ఒక వెంట్రుక ఉండాలి,
గీసినవాళ్ళదో, ఫొటో తీసినవాళ్ళదో.
మేం దాన్ని మెరుపనేవాళ్ళం.
అది లేదు. శుభ్రం చేసేశారు.
రాయి మాత్రం ఉంది, ఇంకా లేతగానే.
"అది పడతాది" అన్నాను.
గొంతు నాది కాదు.

ఆ ఆగస్టు పొద్దున్న
క్యారేజీ పట్టుకుని చిన్నాన్న గుమ్మం దిగినప్పుడు
గోడ ఏ రంగో అతనూ అదే రంగు.
సైకిలూ, తలుపూ, వీధి కుళాయీ
అన్నీ ఒకే కుంచెతో వేసినట్టు.
సాయంత్రానికి తెగబోయే ఇనప తాడు కూడా
అక్కడెక్కడో మిగతా తాళ్ళ రంగులోనే ఉండి ఉంటుంది.

హవిష ఫోను బోర్లించింది.
పిట్టగోడ మీద పేరుకున్న ఎర్రపొడిలో
వేలితో అలలు గీయడం మొదలెట్టింది.
ఏడింటి దగ్గర ఆగి
"ఎనిమిదోది నువ్వెయ్యి" అంది.

నాకు బొమ్మలెయ్యడం రాదు.